జలాంతర్గామి నవలలు: దాచుకొనదగినవి ఏవి?

పుస్తకములను చేర్చుట వేరు, కూర్చుట వేరు. చేతికి చిక్కిన దానినెల్ల తెచ్చి అలమారులో నింపినచో అది పుస్తకముల ప్రోవగును గాని గ్రంథసంచయము కాజాలదు. ఒక గ్రంథము ప్రక్కన మరియొక గ్రంథము ఎందుకు నిలిచినదో చెప్పగల కారణము సంచయమునకు ఉండవలెను. ఒకే వస్తువును గూర్చిన గ్రంథములను సేకరించువారికి ఈ మాట మరింతగా వర్తించును. కొందరు రైళ్లను గూర్చిన పుస్తకములను, కొందరు పర్వతారోహణ గాథలను, కొందరు వేటకథలను ప్రోగుచేయుదురు. జలాంతర్గామి యుద్ధనవలలపై మక్కువ గల పాఠకులు అట్టి వారిలో ఒక తెగ. ఈ తెగకు తెలుగుదేశమునను సభ్యులు లేకపోలేదు. విశాఖపట్టణమున రామకృష్ణా బీచిలో ఒడ్డునకు చేర్చి నిలిపిన ‘కుర్సురా’ జలాంతర్గామిలో ఈ కొసనుండి ఆ కొసకు నడచి వచ్చిన విద్యార్థి, ఈ వస్తువుపై ఏమి చదువవలెనని అడుగుట సహజము. అతనికి పేర్లజాబితా నొకదానిని చేతికిచ్చుట సులభమే. కాని జాబితాకు ముందు కొలబద్ద కావలెను.

జలాంతర్గామి కథకు నవలాకారుడు కోరు సామగ్రి యంతయు పుట్టుకతోనే సమకూడియున్నది. ఇరుకైన ఇనుపగొట్టము, అందులో నలుబదియో యేబదియో మంది మనుష్యులు. గాలి కొలతకు లోబడినది, నీరు కొలతకు లోబడినది, నిద్ర సైతము వంతులకు లోబడినది. ఒకడు లేచి పోయిన పడకపై వేరొకడు వచ్చి పరుండును. పైనున్న శత్రువు కంటికి కానరాడు. చెవికి మాత్రము వినబడును. అతని ఓడ ప్రొపెల్లరు చప్పుడు దగ్గరగుచున్నప్పుడు లోపలివారు చేయగల పని, మాటలాడక కదలక కూర్చుండుట యొక్కటే. ఇంతటి ఉత్కంఠ ఏ కోటగోడల నడుమను, ఏ అడవిలోను దొరకదు. అందువలననే ఈ వస్తువుపై నవలలు కుప్పతెప్పలుగా వచ్చినవి, వచ్చుచున్నవి. అందువలననే వానిలో అధికభాగము ఒకసారి చదివి మరచిపోదగినవి. ఉత్కంఠ ఉచితముగా లభించునప్పుడు రచయిత దానితోనే తృప్తిపడును. మిగిలిన పుటలను యంత్రవర్ణనతో నింపును. ఎన్ని టార్పెడోలు, ఎన్ని అడుగుల లోతు, ఎన్ని మైళ్ల వేగము అను లెక్కలలో మనుష్యుడు కనుమరుగగును.

మంచి నవలను ఇట్టివానినుండి వేరుచేయు గుర్తు ఒకటి కలదు. యుద్ధ జలాంతర్గామికి కిటికీ లేదు. దాని కెప్టెను పెరిస్కోపు ద్వారా తన గురిని కొద్దిసేపు మాత్రము చూచును. టార్పెడోను విడిచిన వెంటనే లోతునకు దిగిపోవలెను. తరువాత అతనికి తెలియునది ఒక ప్రేలుడు శబ్దము, దాని వెనుక ఓడ ప్రక్కటెముకలు విరుగు శబ్దము. ఆ ఓడలో ఎవరుండిరో, ఎందరు నీటిలో పడిరో, వారిలో ఎందరు తెల్లవారువరకు తేలియుండిరో అతడు చూడడు. రాత్రి వ్రాసుకొను లాగుపుస్తకమున మునిగిన ఓడను టన్నులలో వ్రాసుకొనును. నవలాకారుడు ఆ టన్నులను తిరిగి మనుష్యులుగా మార్చెనా లేదా అనునదే పరీక్ష. ఈ పరీక్షకు నిలిచిన గ్రంథములనే సేకర్త తన అలమారులో నిలుపుకొనవలెను.

ఈ పరీక్షలో మొదట గెలిచిన గ్రంథము, చిత్రముగా, నిజమైన జలాంతర్గామి యుద్ధము ఇంకను శైశవమున ఉన్నప్పుడు వ్రాయబడినది. అమెరికా అంతర్యుద్ధమున 1864 ఫిబ్రవరి 17వ తేదీన ‘హన్లీ’ అను చేతిత్రిప్పుడు జలాంతర్గామి ‘హౌసటానిక్’ అను యుద్ధనౌకను ముంచి, తానును మునిగిపోయెను. శత్రునౌకను ముంచిన మొదటి జలాంతర్గామి అదియే. అటుపిమ్మట ఐదేండ్లకు, 1869లో, ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ ‘సముద్రగర్భమున ఇరువదివేల లీగులు’ అను నవలను ధారావాహికముగా ప్రకటింపసాగెను. అది 1870లో ముగిసినది. ఇరువదివేల లీగులనగా లోతు అని భ్రమపడువారు కలరు. అది నీటిక్రింద సాగిన ప్రయాణపు దూరము. దీనిని బాలుర సాహసగాథయని ప్రక్కన పెట్టుట పొరపాటు. కథాంతమున కెప్టెన్ నీమో తన ‘నాటిలస్’తో ఒక యుద్ధనౌకను పొడిచి ముంచును. వెర్న్ తన జలాంతర్గామికి పెద్ద గాజు కిటికీలు అమర్చెను. ఆ కిటికీనుండి ప్రొఫెసర్ ఆరోనాక్స్ మునుగుచున్న ఓడలో మనుష్యులు చీమలవలె పైకి ప్రాకుటను, నీరు వారిని కప్పుటను చూచును. నీమోయును చూచును. పిమ్మట తన గదికి పోయి, ఒక స్త్రీయు ఇద్దరు బిడ్డలును ఉన్న చిత్రపటము ముందు మోకరిల్లి విలపించును. పగతీర్చుకొన్నవాడు సంతోషింపలేకపోయెను.

ఆ నీమో ఎవరు? ఈ గ్రంథమున వెర్న్ చెప్పలేదు. అతనిని రష్యాపై పగబట్టిన పోలెండు ప్రభువుగా చిత్రింపవలెనని రచయిత మొదట తలంచెను గాని ప్రకాశకుడు హెట్‌జెల్ అందుల కంగీకరింపలేదు. 1874–75లో వెలువడిన ‘రహస్య ద్వీపము’న ఆ ముడి విడినది. నీమో బుందేల్‌ఖండ్ రాకుమారుడు దక్కార్ అనియు, టిప్పు సుల్తాను మేనల్లుడనియు, 1857 తిరుగుబాటున పోరాడి భార్యాబిడ్డలను కోల్పోయినవాడనియు తెలియును. ప్రపంచసాహిత్యమున మిక్కిలి ప్రసిద్ధికెక్కిన జలాంతర్గామి నాయకుడు భారతీయుడైయుండుట భారతీయ సేకర్తకు ఊరక పొంగిపోదగిన విషయము మాత్రమే కాదు. ఈ రెండు గ్రంథములను విడదీయక ప్రక్కప్రక్కన నిలుపవలెననుటకు అది కారణము. ఒకదానిలో కార్యము, రెండవదానిలో దాని కారణము ఉన్నవి. ఒక హెచ్చరిక కూడ అవసరము. 1870 దశకమున మెర్సియర్ లూయిస్ చేసిన ఆంగ్లానువాదము మూలములో దాదాపు నాలుగవవంతును విడిచివేసినది. చౌకగా అమ్ముడగు ప్రతులలో అనేకములు నేటికిని దాని ముద్రణలే. 1990 దశకము తరువాత వచ్చిన సంపూర్ణానువాదములనే కొనుట మంచిది.

వెర్న్ అనంతరము పేర్కొనదగినది నవల కాదు, ఒక పెద్దకథ. షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కోనన్ డాయిల్ ‘డేంజర్’ అను కథను 1914 జూలైలో ‘స్ట్రాండ్’ పత్రికలో ప్రకటించెను. ఒక చిన్నదేశము తనకున్న ఎనిమిది జలాంతర్గాములతో, ఆహారము తెచ్చు వర్తకనౌకలను ముంచి, బ్రిటనును లొంగదీసికొనుట అందలి కథ. దానిపై నౌకాదళ ప్రముఖుల అభిప్రాయములను కూడ పత్రిక ప్రకటించినది. నిరాయుధమైన వర్తకనౌకలను నాగరికదేశమేదియు ముంచదని వారిలో కొందరు కొట్టివేసిరి. మరునెలలోనే మహాయుద్ధము మొదలైనది. సెప్టెంబరు 22వ తేదీ ఉదయమున ఉత్తరసముద్రమున ‘యు–9’ అను ఒక్క జర్మను జలాంతర్గామి మూడు బ్రిటిషు క్రూయిజరులను ముంచెను. దాదాపు 1,450 మంది నావికులు మరణించిరి. ఆనాటి రాత్రియే ‘ఎండెన్’ వచ్చి మదరాసుపై గుండ్లు ప్రేల్చెను. కంటికి కానవచ్చిన ఎండెన్ పేరు దక్షిణదేశపు భాషలలో నానుడిగా నిలిచినది; కానరాని యు–9 పేరు ఎవ్వరికిని తెలియదు. 1915 మే 7వ తేదీన ‘లూసిటేనియా’ ప్రయాణికనౌకయే మునిగి దాదాపు 1,200 మంది చనిపోయిన పిమ్మట, నాగరికదేశముల యెడల ప్రముఖులు ఉంచిన నమ్మకము ఎంత విలువైనదో లోకమునకు తెలిసినది. కోనన్ డాయిల్ కథ శిల్పమున గొప్పది కాదు. కాని తరువాతి నవలలన్నియు ఏ ప్రశ్నతో పెనుగులాడినవో ఆ ప్రశ్న ఇచ్చట మొదట స్పష్టముగా కనిపించును.

రెండవ ప్రపంచయుద్ధమునకు వచ్చుసరికి సేకర్త ముందు గ్రంథములు కొండవలె నిలుచును. వానిలో శిఖరమనదగినది లోతార్–గుంతర్ బూక్‌హైమ్ రచించిన ‘దస్ బోట్’. బూక్‌హైమ్ 1941లో యుద్ధవార్తాలేఖకుడుగా జర్మను జలాంతర్గామి ‘యు–96’లో ప్రయాణించెను. ఆ అనుభవమును నవలగా పండించుటకు అతనికి ముప్పదేండ్లకు పైగా పట్టినది. గ్రంథము 1973లో వెలువడినది. ఇందు కథ చెప్పువాడు ఒక వార్తాలేఖకుడు. కెప్టెనును అందరు ‘ముసలాయన’ అందురు. ఆ ముసలాయనకు ముప్పదియేండ్లే. పుటల తరబడి శత్రువు కనిపింపడు. తుపాను, తడిసిన బట్టలు, బూజుపట్టిన రొట్టె, నూనెకంపు, మొరటుమాటలు, విసుగు. ఆ విసుగును ఓపికతో చదివినవానికే పైనుండి బాంబులు పడునప్పటి భయము ఎముకలకు తాకును. జిబ్రాల్టరు జలసంధిలో దెబ్బతిని సముద్రపు అడుగున పడియున్న ఓడలో, గాలి అడుగంటుచుండగా, మరమ్మతు చేయు నావికులను చదివిన పాఠకుడు వారు హిట్లరు సైనికులని మరచి వారు బ్రదుకవలెనని కోరుకొనును. మరల తలయెత్తి, తానేమి కోరుకొనుచున్నాడో తెలిసికొని ఉలికిపడును. గ్రంథము యొక్క ఘనత ఆ ఉలికిపాటులో ఉన్నది. జర్మను జలాంతర్గాములలో పనిచేసిన దాదాపు 40,000 మందిలో ఇంచుమించు ముప్పాతికవంతు తిరిగి రాలేదు. సంఖ్యగా చదివినచో ఇది ఒక వాక్యము. బూక్‌హైమ్‌ను చదివిన పిమ్మట అది అట్లుండదు. 1981లో వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ దీనిని చలనచిత్రముగా తీసెను. చిత్రము లోకప్రసిద్ధమైనను రచయిత దానిపై అసంతృప్తిని దాచుకొనలేదు. చిత్రమును చూచితిమి గదా యని నవలను కొనకుండుట తగదు. చిత్రమున రెండుమూడు గడియలలో ముగియు నిరీక్షణ నవలలో వారములు సాగును.

దీని ప్రక్కన నిలుపదగిన అమెరికను గ్రంథము ఎడ్వర్డ్ బీచ్ రచించిన ‘రన్ సైలెంట్, రన్ డీప్’. బీచ్ పసిఫిక్ సముద్రమున జలాంతర్గాములలో పోరాడిన అధికారి. 1955లో ఈ నవల వెలువడునప్పుడు అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు నౌకాదళ సహాయాధికారిగా ఉండెను. 1960లో ‘ట్రైటన్’ అను అణుజలాంతర్గామిని నీటిక్రిందనే భూగోళము చుట్టివచ్చునట్లు నడిపిన కెప్టెను ఇతడే. కనుక అతని యంత్రజ్ఞానమునందు తప్పుపట్టజాలము. యుద్ధారంభమున అమెరికను టార్పెడోలు గురికి తగిలియు ప్రేలకపోవుట, ఆ దోషమును పైయధికారులు దాదాపు రెండేండ్లపాటు పూర్తిగా సవరింపలేకపోవుట చరిత్ర. నవలలో ఆ చేదు అంతయు ఉన్నది. కాని గ్రంథమును నిలబెట్టునది వేరొకటి. కథానాయకుడు రిచర్డ్‌సన్ ఒక గొప్ప శౌర్యపతకము అందుకొనబోవుచు, తన కథను యంత్రముపై రికార్డు చేయుచున్నట్లు రచన సాగును. అతని మిత్రులను మ్రింగిన జపాను నౌకాధిపతి యొకడు తన ఓడ మునిగిన పిమ్మట లైఫ్‌బోటులలో కెక్కును. అతడు ఒడ్డుచేరినచో మరియొక ఓడతో వచ్చును. రిచర్డ్‌సన్ తన జలాంతర్గామితో ఆ పడవలను త్రొక్కించివేయును. పతకము ఏ పనులకు వచ్చినదో తెలిసినవాని కంఠముతో కథ వినుట వలన పాఠకునికి ఆ పతకము బరువు తెలియును. 1958 నాటి చలనచిత్రమున కథ చాలవరకు మారినది. రిచర్డ్‌సన్ అందులో చనిపోవును. నవలలో అతడు బ్రదికియుండుటయే కఠినతరమైన ముగింపు.

జలాంతర్గామి ప్రియులు సాధారణముగా చేయు లోపమొకటి ఉన్నది. నీటిక్రింది కథలనే కొని, నీటిపై కథలను విడిచివేయుదురు. వేటగానిని మాత్రము చూపి వేటను చూపని అలమారు ఒంటికంటిది. నికొలస్ మాన్సరాట్ రచించిన ‘ద క్రూయెల్ సీ’ 1951లో వెలువడినది. రచయిత స్వయముగా అట్లాంటికు సముద్రమున ఓడల బిడారులకు కాపుగా వెళ్లు కార్వెట్టులలో పనిచేసినవాడు. ఇందలి ముఖ్యఘట్టము ప్రతి సేకర్తయు తెలిసికొనదగినది. మునిగిన ఓడలోని బ్రిటిషు నావికులు నీటిలో తేలుచు, తమను ఎక్కించుకొనుటకు వచ్చుచున్న ‘కంపాస్ రోజ్’ను చూచి సంతోషింతురు. సరిగా వారి క్రిందనే జలాంతర్గామి యున్నట్లు యంత్రము సూచించును. కెప్టెన్ ఎరిక్‌సన్ నీటిలోతున ప్రేలు బాంబులను వదలుమని ఆజ్ఞాపించును. తేలుచున్న వారందరు మరణింతురు. జలాంతర్గామి జాడ మాత్రము కనిపింపదు. ఇది కల్పనలో మాత్రమే జరుగు ఘోరమని తలపరాదు. 1944 ఫిబ్రవరి 12వ తేదీన హిందూమహాసముద్రమున, మాల్దీవుల సమీపమున, మొంబాసానుండి కొలంబోకు వచ్చుచున్న ‘ఖెదివ్ ఇస్మాయిల్’ అను సేనలనౌకను జపాను జలాంతర్గామి ‘ఐ–27’ ముంచెను. ఆ జలాంతర్గామిని వేటాడిన బ్రిటిషు డిస్ట్రాయరులు నీటిలో తేలుచున్నవారి నడుమనే బాంబులు వేయవలసివచ్చెను. ఆ దినమున దాదాపు 1,300 మంది మరణించిరి.

మాన్సరాటునకు తోడుగా 1955లో సి. ఎస్. ఫారెస్టర్ ప్రకటించిన ‘ద గుడ్ షెపర్డ్’ను, 1956లో డి. ఎ. రేనర్ ప్రకటించిన ‘ది ఎనిమీ బిలో’ను ఉంచవచ్చును. ఫారెస్టర్ నవల కొలది దినముల కథ. 37 నౌకలకు కాపుగా వెళ్లుచున్న డిస్ట్రాయరు కెప్టెన్ క్రాస్ నిలుచున్న చోటునుండి కదలక, నిద్రలేక, తిండిలేక, నొప్పిపుట్టు పాదములతో లెక్కలు వేయుచునే యుండును. అతని భక్తి, అతని లెక్క, అతని అలసట ఒకే వాక్యమున పెనవేసికొనియుండును. యుద్ధమనగా ప్రధానముగా అలసట యని ఇంత నిజాయితీగా చెప్పిన గ్రంథములు అరుదు. 2020లో ‘గ్రేహౌండ్’ అను చిత్రమునకు ఇదియే మూలము. రేనర్ నవలలో డిస్ట్రాయరు కెప్టెనుకు, జలాంతర్గామి కెప్టెనుకు నడుమ చదరంగమువంటి ద్వంద్వయుద్ధము సాగును. ఇరువురి మనస్సులును పాఠకునికి తెరచియుండును. లోతైన రచన కాకున్నను సమదృష్టి గల రచన.

యుద్ధానంతరము జలాంతర్గామికి అణుశక్తి వచ్చినది, అణ్వస్త్రము వచ్చినది. ఒక ఓడను ముంచగల ఆయుధము నగరములను బూడిద చేయగల ఆయుధమైనది. ఈ మార్పును మొదట గుర్తించి వ్రాసిన గొప్ప నవల నెవిల్ షూట్ రచించిన ‘ఆన్ ద బీచ్’. 1957లో వెలువడిన ఈ గ్రంథమున యుద్ధము అప్పటికే ముగిసియుండును. ఉత్తరార్ధగోళమున మానవుడు లేడు. విషధూళి మెల్లగా దక్షిణమునకు దిగుచున్నది. ‘స్కార్పియన్’ అను అమెరికను జలాంతర్గామి మెల్‌బోర్న్ చేరుకొనియుండును. అమెరికా పశ్చిమతీరమునుండి అప్పుడప్పుడు అర్థములేని రేడియో సంకేతమొకటి వినవచ్చుచుండుటచే, ఎవరైన బ్రదికియుండిరేమో యని అది వెతకుచు పోవును. ఊగులాడు కిటికీచట్రమొకటి గాలికి కదలి పంపెడు మీటను నొక్కుచున్నదని తుదకు తేలును. ఈ నవలలో టార్పెడో ప్రేలదు, శత్రువు లేడు. అయినను జలాంతర్గామి యుద్ధమునకు తుదిమెట్టు ఏదియో చూపినది గనుక ఈ గ్రంథము లేని సంచయము అసంపూర్ణము.

ఇక అందరు మొదట అడుగునది టామ్ క్లాన్సీ రచించిన ‘ద హంట్ ఫర్ రెడ్ అక్టోబర్’. భీమా వ్యాపారి యొకడు వ్రాసిన ఈ మొదటి నవలను 1984లో అమెరికను నౌకాదళ సంబంధమైన ప్రచురణసంస్థ ప్రకటించినది. నిశ్శబ్దముగా నడచు సోవియట్ జలాంతర్గామితో దాని కెప్టెన్ రామియస్ అమెరికాకు తరలిపోవుట కథ. శబ్దమును విని ఓడను గుర్తించు విద్యను ఇంత ఆసక్తికరముగా సామాన్య పాఠకునికి బోధించిన గ్రంథము వేరొకటి లేదు. కనుక దీనిని కొనవలెను. కాని దీనిని అనుకరించుచు వచ్చిన అసంఖ్యాక గ్రంథములను కొననక్కరలేదు. వానిలో యంత్రములు పెరిగినవి, మనుష్యులు తగ్గిరి. క్లాన్సీ గ్రంథముననే యంత్రము ఎన్నడును మోసగింపదను ధీమా కొంత ఉన్నది. 2000 ఆగస్టు 12వ తేదీన రష్యా జలాంతర్గామి ‘కుర్స్క్’ తన టార్పెడో తనలోనే ప్రేలి మునిగినప్పుడు 118 మంది మరణించిరి. వారిలో 23 మంది వెనుక గదిలో కొన్ని గంటలు ప్రాణములతో ఉండిరి. దిమిత్రి కొలెస్నికోవ్ అను అధికారి ఆ చీకటిలో తడుముకొనుచు వారి పేర్లు వ్రాసిపెట్టెను. క్లాన్సీని చదువువాడు ఈ సంగతిని కూడ మనస్సులో ఉంచుకొని చదువుట మంచిది.

చివరగా సేకర్తలు సాధారణముగా తమ వస్తువునకు చెందినదిగా గుర్తింపని గ్రంథమొకటి ఉన్నది. జర్మను రచయిత గుంటర్ గ్రాస్ 2002లో ప్రకటించిన ‘క్రాబ్‌వాక్’. 1945 జనవరి 30వ తేదీన సోవియట్ జలాంతర్గామి ‘ఎస్–13’ బాల్టికు సముద్రమున ‘విల్‌హెల్మ్ గుస్ట్‌లోఫ్’ అను నౌకను ముంచెను. కాందిశీకులైన స్త్రీలు, పిల్లలు క్రిక్కిరిసిన ఆ ఓడలో తొమ్మిదివేలమందికి పైగా చనిపోయిరని పరిశోధకుల అంచనా. ఆ ఓడలోనే జర్మను జలాంతర్గామి విద్యార్థిసైనికులు కూడ వందలకొలది ఉండిరి. గ్రాస్ కథకుడు ఆ రాత్రియే పుట్టినవాడు. తల్లి ఆ దుర్ఘటనను మరువలేదు. మనుమడు దానిని ద్వేషముగా మార్చుకొని హత్యకు పాల్పడును. టార్పెడో ప్రేలుట కొన్ని నిమిషముల పని. దాని అల మూడవతరమును తాకుటకు యేబదేండ్లు పట్టినది. మునిగినవారి వైపునుండి, వారి సంతానము వైపునుండి వ్రాసిన ఈ నవల, పెరిస్కోపు చూడని దానినెల్ల చూచినది.

కొనుగోలున క్రమము కోరువారికి ఒక మాట. వెర్న్ గ్రంథములు రెండు, బూక్‌హైమ్, బీచ్, మాన్సరాట్, షూట్, గ్రాస్ – ఈ ఏడు గ్రంథములును మొదటి వరుస. ఫారెస్టర్, రేనర్, క్లాన్సీ, కోనన్ డాయిల్ కథాసంపుటి రెండవ వరుస. మొదటి ముద్రణలకై వేలకు వేలు వెచ్చించుట ధనవంతుల వినోదము. చదువుటకు అనువైన సంపూర్ణ ప్రతి దొరకినచో చాలును. పాతపుస్తకముల అంగళ్లలో ఫారెస్టరును, మాన్సరాటును ఓపికతో వెతకినచో చౌకగా దొరకవచ్చును. ఈ ఏడింటిని ముగించిన తరువాత ఎనిమిదవది ఏదియో ఎవరిని అడుగనక్కరలేదు. పాఠకుని రుచియే తేల్చి చెప్పును.

ఈ గ్రంథములు దూరదేశములవి గదా, తెలుగు పాఠకునికి వీనితో ఏమి పొత్తు అని అడుగువారుందురు. పొత్తు విశాఖ సముద్రముననే ఉన్నది. బీచ్ పోరాడిన యుద్ధముకొరకే అమెరికా నిర్మించిన ‘డయాబ్లో’ అను జలాంతర్గామి తరువాత పాకిస్తానునకు చేరి ‘ఘాజీ’యైనది. 1971 డిసెంబరు 3–4 తేదీల నడిరేయి అది విశాఖపట్టణము వెలుపల మునిగినది. తొంబదిమందికి పైగా నావికులతో నేటికిని అచ్చటనే ఉన్నది. అది మునిగిన కారణమును గూర్చి రెండుదేశముల కథనములు వేరు. ఆ నెల 9వ తేదీన పాకిస్తాను జలాంతర్గామి ‘హంగోర్’ భారత యుద్ధనౌక ‘ఖుక్రీ’ని అరేబియా సముద్రమున ముంచెను. 18 మంది అధికారులు, 176 మంది నావికులు మరణించిరి; కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన ఓడను వీడక దానితోనే మునిగెను. వారముదినములలో రెండుపక్షముల తల్లులకును ఒకే దుఃఖము కలిగినది. 2017లో వచ్చిన ‘ఘాజీ’ తెలుగు చలనచిత్రము ఈ చరిత్రలో ఒక భాగమును వేలమంది ముందుంచినది. కాని చిత్రమునకు గెలుపు కావలెను, రెండున్నర గంటలలోపల ముగింపు కావలెను. విసుగును, అలసటను, తరముల వెంట నడచు దుఃఖమును చూపుటకు నవలయే తగిన సాధనమని పైన పేర్కొన్న గ్రంథములన్నియు సాక్ష్యమిచ్చుచున్నవి.

1969నుండి 2001వరకు సేవచేసిన ‘కుర్సురా’ను 2002లో ప్రదర్శనశాలగా చేసిరి. దాని ఇరుకు త్రోవలలో తలవంచి నడచు సందర్శకునికి పడకలు, వంటగది, టార్పెడో గొట్టములు కనిపించును. అచ్చట నివసించినవారి రాత్రులు కనిపింపవు. ఆ రాత్రులు తెలిసినవారు విశాఖలో, ఆంధ్రదేశపు ఇతర పట్టణములలో నేడు విశ్రాంతజీవనము గడుపుచున్నారు. బూక్‌హైమ్ తన అనుభవమును నవలగా మలచుటకు ముప్పదేండ్లకు పైగా తీసికొన్నాడు. అతని చేతిలో నాటి టిప్పణములు ఉండుటచేతనే అది సాధ్యమైనది. విశ్రాంత నావికులు తమకు గుర్తున్న దానిని సామాన్యమైన మాటలలోనైనను వ్రాసియుంచుట, గ్రంథాలయములు దానిని భద్రపరచుట, యువరచయితలు శత్రువైపు వారిని సైతము మనుష్యులుగా చూచు కంటితో దానిని చదువుట ఇప్పుడు జరుగవలసిన పనులు. సేకర్త చేయదగిన పనియును ఒకటి కలదు. పై ఏడు గ్రంథములను అలమారున పేర్చునప్పుడు, వాని నడుమ ఒక తెలుగు నవలకు సరిపడు చోటు విడిచియుంచవలెను.